పాట లేని బడి

ఏటేట ఏప్రిల్ 16వ తేదీన మన పట్టణములలో కందుకూరి వీరేశలింగము పంతులుగారి విగ్రహములకు పూలమాలలు పడుచున్నవి. 1848లో ఆ మహనీయుడు జన్మించిన దినమును తెలుగు నాటక రంగస్థల దినోత్సవముగా మనము జరుపుకొనుచున్నాము. ఉపన్యాసములు జరుగును, శాలువలు కప్పబడును, వృద్ధనటు లొకరిద్దఱు సత్కరింపబడుదురు, మఱునాటి పత్రికలలో ఛాయాచిత్రములు వెలువడును. అంతటితో తెర పడును. మే మడుగునది యొక్కటే ప్రశ్న. ఆ సభలో మన ఊరి బడిపిల్ల లెందఱు కూర్చుండిరి? వారిలో ఒక్క పద్యమైన రాగయుక్తముగా చదువగలవా రెందఱు? వారికి నేర్పువాడు మన ఊర నున్నాడా?

ఈ ప్రశ్న ఆ దినమునకే తగినది. ఏలయనగా, 1880లో రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు తమ 'వ్యవహార ధర్మబోధిని'ని ప్రదర్శింపజేసినప్పుడు వేషములు ధరించినవారు వృత్తినటులు గారు, విద్యార్థులు. న్యాయవాదుల కపటములను, వ్యాజ్యెములాడు వారి మౌఢ్యమును పెద్దలు చూచి సిగ్గుపడునట్లు పిన్నలు ఆడి చూపిరి. కావున ఆధునికాంధ్ర రంగస్థలము విద్యార్థుల చేతులలో బుట్టిన దని చెప్పుట అతిశయోక్తి గాదు. అట్టి రంగస్థలమునకు పుట్టినింటనే నేడు చోటు లేకపోయినది! విగ్రహమునకు మాల వేయుట సులభము. ఆ విగ్రహపురుషుడు చేసిన పనిని ఒక్క బడిలోనైన మరల చేయుట కష్టము. మనము సులభమైన దానిని ఎంచుకొన్నాము.

ఇప్పుడు బడిలో పాట యెట్లున్నదో చూతము. ప్రార్థనాసమయమున యంత్రము పాడును; పిల్లలు పెదవులు కదుపుదురు. వార్షికోత్సవము సమీపించగానే ఎవరో యొక నృత్యశిక్షకుని పిలిపించి, పదునైదు దినములు చలనచిత్ర గీతములకు పిల్లలచేత కాలుసేతు లాడింపించెదరు. అద్దె దుస్తుల వెల తల్లిదండ్రులే చెల్లింపవలయును. ఉత్సవము ముగిసిన మఱునాడు దుస్తులు అంగడికి పోవును. శిక్షకుడు వేఱొక బడికి పోవును. పిల్లవానికి మిగులున దేమి? ఫోనులో ఒక చిత్రము. వాని కంఠమునకు ఒక్క స్వర మబ్బలేదు; వాని చేతికి ఒక్క తాళము తెలియలేదు. చలనచిత్ర గీతములపై మాకు ద్వేషము లేదు. వానిని పాడినవారిలో పెక్కండ్రు ఎచ్చటనో యొక గురువు నొద్ద సరళీవరుసలు దిద్దినవారే. వారు పాడిన పాటకు మన పిల్లలు గంతులు వేయుటకు, వారివలె పాడ నేర్చుటకు నడుమ గల అగాధమును గూర్చియే మా విచారము.

నేర్చుట యనగా నేమి? మాయామాళవగౌళలో సరళీవరుసను మొదట విలంబముగను, పిదప రెండవ కాలమునను, పిదప మూడవ కాలమునను పాడవలయును. చేతిలో ఆదితాళపు ఎనిమిది క్రియలు తప్పరాదు. ప్రక్కవాని శ్రుతిని వినక తన శ్రుతి కుదరదు. పదిమంది కలిసి పాడునప్పుడు గట్టిగా అఱచినవాడు గొప్పవాడు గాడు; పదుగురిలో కలిసినవాడే గొప్పవాడు. నాటకమున నైనను అంతే. ఎదుటివాని మాట ముగియువఱకు నిరీక్షింపవలయును. చివరి వరుసలోని ముసలివానికి వినబడునట్లు పలుకవలయును. రాజు వేషము రాలేదని అలుగక ద్వారపాలకుని వేషమును నిష్ఠతో ధరింపవలయును. వినుట, వేచియుండుట, కలియుట - ఈ మూడును నేర్చిన బాలుడు రేపటి పౌరుడు. ఈ మూడును నేర్వనివా డెంత చదివినను సభలో అఱచువాడే యగును. మన శాసనసభల తీరును చూచువారికి ఈ మాట విపులముగా చెప్ప నక్కఱలేదు.

మఱియొక నిదర్శనము చూపెదము. ఉన్నత పాఠశాలలో ఉత్పలమాల, చంపకమాల, శార్దూలము, మత్తేభము అను వృత్తములను తెలుగు పంతులుగారు బోధించుచున్నారు. పిల్లలు గురులఘువులు గుర్తింతురు, గణవిభజన చేయుదురు, యతిస్థానము చూపుదురు, మార్కులు తెచ్చుకొందురు. కాని ఆ పద్యమును పాడుమని యడిగినచో తల వంతురు! కాగితముపై ఎముకలను లెక్కించితిమి గాని ప్రాణమును చూడలేదు. అదే పద్యమును ఒక్క మాఱు హార్మోనియము ప్రక్కన నిలువబడి గొంతెత్తి పాడిన బాలునికి గణము లెవ్వరు చెప్పవలయును? యతి యెచ్చట నున్నదో వాని యూపిరియే చెప్పును. మన తాతల కాలమున అక్షరము రాని పాలేరులు సైతము రాయబార ఘట్టములోని పద్యములను పొలము గట్లపై పాడుకొనుచుండిరి. వారు ఏ బడిలో నేర్చిరి? నాటకము తెల్లవాఱువఱకు చూచి నేర్చిరి. ఆ నాటకములు నేడు అరుదైపోయినవి. బడిలోనైన ఆ కొఱత తీర్చుచున్నామా యనగా అదియు లేదు. తెలుగు క్షీణించుచున్న దని వేదికలపై విలపించువారు ఈ సంగతిని గమనింతురు గాక.

"ధనము లేదు, చట్టము లేదు" అని ఏలినవా రనుటకు వీలు లేదు. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము పదవ తరగతి వఱకు సంగీతము, నృత్యము, నాటకము, చిత్రకళలతో గూడిన కళావిద్యను విధిగా నేర్పుమని చెప్పినది. 2009లో పార్లమెంటు చేసిన విద్యాహక్కు చట్టము ఇంకను ముందునకు పోయినది. ఆఱు మొదలు ఎనిమిదవ తరగతి వఱకు గల బడిలో నూఱుగురికి మించి పిల్లలున్నచో కళావిద్య, ఆరోగ్య వ్యాయామ విద్య, పనివిద్య - వీనికి పార్ట్‌టైము బోధకు లుండవలయునని ఆ చట్టపు అనుబంధమున స్పష్టముగా వ్రాయబడియున్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానము శాస్త్రములకును కళలకును నడుమ గోడలు వలదన్నది. చట్టమున్నది, చట్రమున్నది, విధానమున్నది. బడిలో సంగీతోపాధ్యాయుడు మాత్రము లేడు! నియామకము జరిగినచోట్ల నైనను కళ యనగా చిత్రలేఖన మనియే భావన. ఆ బోధకునికి ఇచ్చునది స్వల్పమైన గౌరవవేతనము. అదియు సెలవుల నెలలలో నిలిచిపోవును. పాఠకులు మా మాట నమ్మ నక్కఱలేదు. రేపు తమ ఊరి ఉన్నత పాఠశాలకు పోయి, సమయపట్టికలో సంగీతమునకు గంట యున్నదా, ఉన్నచో దానిని గణితమునకు అరువిచ్చినారా యని విచారింతురు గాక.

ఇక బహుమానముల సంగతి. నంది నాటకోత్సవములలో బాలల నాటికల కొక విభాగ మేర్పఱచిరి. కళాశాల విద్యార్థుల నాటికల కొక విభాగ మేర్పఱచిరి. సంతోషమే. కాని చెట్టుకు నీరు పోయక ఫలములకు పోటీ పెట్టు తోటమాలిని ఏమందుము? బాలల నాటిక పోటీకి వచ్చునది ఎట్లు? ఎచ్చటనో యొక ఉత్సాహవంతుడైన ఉపాధ్యాయుడు సొంత ధనము వెచ్చించి, ఆదివారములు త్యజించి, ప్రధానోపాధ్యాయుని ప్రాధేయపడి పిల్లలను కూర్చును. ఆయన బదిలీ యైనంతనే ఆ బడిలో నాటక మంతరించును. ఒక్కని ఔదార్యముపై నిలిచినది వ్యవస్థ గానేరదు.

తల్లిదండ్రు లొక ప్రశ్న వేయుదురు: "పాట కూడు పెట్టునా? మా వానికి ఇంజనీరింగులో సీటు రావలయును." న్యాయమైన ప్రశ్నయే. పేదవాని ఇంట చదువు ఒక్కటే నిచ్చెన. ఆ నిచ్చెనపై కూర్చుండి పాడుమని చెప్పు మూర్ఖులము గాము. కాని వారానికి రెండు గంటలు పాడినందున నిచ్చెన విఱుగునా? పిల్లవానిని వేకువ నుండి రాత్రివఱకు గదిలో బంధించి, ఆటకు సెలవు, పాటకు సెలవు, నిద్రకు సెలవు ఇచ్చిన ఇంటర్మీడియెట్ కళాశాలలు మన రెండు తెలుగు రాష్ట్రములలో వర్ధిల్లుచున్నవి. ర్యాంకులను ప్రకటించు పలకలు వీథులను కప్పివేసినవి. 2019 ఏప్రిల్ నెలలో తెలంగాణమున ఇంటర్మీడియెట్ ఫలితములు వెలువడిన పిమ్మట వరుసగా వచ్చిన పసివారి మరణవార్తలను మనము చదివితిమి, కన్నీరు విడిచితిమి, మఱచితిమి. పాట నేర్చిన మాత్రమున ఆ దుఃఖము తప్పియుండు నని మేము చెప్పము. అట్లు చెప్పుట ఆ తల్లులను అవమానించుట. కాని మార్కు తప్ప వేఱొక విలువ లేదని పిల్లవానికి బోధించిన వారము మనమే. వానికి మార్కుల జాబితాలో లేని విలువ యొకటి చేతిలో బెట్టవలసిన బాధ్యతయు మనదే.

మఱికొంద రందురు: "ఇప్పుడు ప్రతి చేతిలోను ఫోనున్నది, టెలివిజనులో పాటల పోటీలున్నవి. ఇంకను బడి యెందులకు?" పోటీ వేఱు, శిక్షణ వేఱు. పోటీ వేయిమందిలో ఒక్కని ఏరి తొమ్మిదివందల తొంబది తొమ్మండ్రను ఇంటికి పంపును. బడి వేయిమందికి నేర్పవలయును. మానవచరిత్రలో ఇంత సంగీతము వినిన తరము వేఱొకటి లేదు. ఇంత తక్కువ పాడిన తరమును లేదేమో! వినుటయే చాలునన్నచో వంటలు చూచుటచే ఆకలి తీఱవలయును గదా.

అన్నిటికంటె పురాతనమైన యడ్డంకి ఇంకొకటి కలదు. దానిని దాచుట మాకు తగదు. సంగీతనాటకములు మన సమాజమున కొందఱికి భక్తి, కొందఱికి పొట్టకూటి వృత్తి, మిక్కిలిమందికి నిషేధముగా నుండెను. పాడిన స్త్రీని నిందించితిమి. ఆమె పాటను మాత్రము మెచ్చితిమి. ఆడువేషమునకు మగవానిని వెదకితిమి గాని ఆడుబిడ్డను రంగస్థల మెక్కనీయలేదు. బళ్లారి రాఘవాచార్యులుగారు స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలయునని పట్టుబట్టవలసివచ్చెను. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున మొలకెత్తిన సురభి నాటక కుటుంబములు ఆడుబిడ్డలను రంగస్థలముపై నిలిపి ఆనాడే మార్గము చూపెను. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పేద ముస్లిము కుటుంబమున జన్మించిన షేక్ నాజరు బుఱ్ఱకథకు దేశమంతట గౌరవము తెచ్చెను. 1986లో పద్మశ్రీ పొందెను. కరవదిలో బుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరమునకు దక్షిణదేశ మంతయు చెవి యొగ్గెను. కళకు కులమతములు లేవని వీరి జీవితములే సాక్ష్యము. కాని నేడు సంగీతశిక్షణ ప్రైవేటు ఇండ్లలో, నెలకింత యను రుసుముతో, పట్టణములలోని కొన్ని వీథులకే పరిమితమైనచో పాత నిషేధమే క్రొత్త వేషమున వచ్చిన దనుకొనవలయును. నాడు కులము అడ్డు; నేడు రుసుము అడ్డు. ప్రభుత్వపు బడిలో నేర్పిననే కూలివాని కూతురికి తంబుర శ్రుతి వినబడును.

విజయనగరము మనకు చెప్పు పాఠ మిదియే. 1919లో విజయరామ గజపతి మహారాజు అచ్చట సంగీత కళాశాలను నెలకొల్పెను. చూపు లేని యొక బాలునికి సంగీతము నేర్పించుటకై మొదలిడిన యత్నమే కళాశాల యయ్యె నని పెద్దలు చెప్పుదురు. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి యధ్యక్షులు. ద్వారము వెంకటస్వామినాయుడుగారు ఫిడేలు ఆచార్యులు. ఒక్క విద్యాలయము నిలుకడగా నుండిన ఫల మెట్టిదో ఆంధ్రదేశమంతయు ఎఱుగును. కాని ఆ చరిత్రలోనే మనకు సిగ్గు కలిగింపవలసిన యొక ఘట్టము కలదు. 1922లో గుడివాడ ప్రాంతమున చౌటపల్లిలో జన్మించిన ఘంటసాల వెంకటేశ్వరరావు తండ్రిని కోల్పోయి, సంగీతము నేర్వవలయునను పట్టుదలతో ఒంటరిగా విజయనగరమునకు పోయెను. జోలె పట్టి, ఇల్లిల్లు తిరిగి, మధుకరముతో కడుపు నింపుకొని, పట్రాయని సీతారామశాస్త్రిగారి శుశ్రూష చేసి విద్య గడించెను. ఈ కథను మనము గర్వముతో చెప్పుకొందుము. గర్వము ఆ బాలునిది. మనకు తగినది సిగ్గు. జోలె పట్టగలిగిన పట్టుదల ఒక్కనికి కలిగెను. అది లేక వెనుదిరిగిన కంఠములను ఎవరు లెక్కించిరి? వందల మైళ్లు పోయి బిచ్చమెత్తినగాని సంగీతము దొరకని దేశము తన గాయకులను గూర్చి గర్వించుట ఎట్లు? ఆ కళాశాల 2019లో నూఱేండ్లు నిండించుకొనెను. అట్టివి మఱికొన్ని ప్రభుత్వ కళాశాలలు మన నగరములలో నున్నవి. అవి శిఖరములు. శిఖరములకు మెట్లు కావలయును. ఆ మెట్లు ఊరి బడిలో కట్టవలయును.

పరాయి ప్రభుత్వమునకు ఈ విద్య విలువ మనకంటె బాగుగ తెలిసెను. 1876లో వారు నాటక ప్రదర్శనముల చట్టమును చేసి, తమకు గిట్టని నాటకమును ఆపుటకు అధికారము గైకొనిరి. సహకార నిరాకరణ దినములలో గరిమెళ్ల సత్యనారాయణగారిని ఒక్క పాటకై చెఱసాలకు పంపిరి. పాట పాడిన నోరు వారికి తుపాకివలె కనబడెను. స్వాతంత్ర్యము వచ్చిన డెబ్బదేండ్లకు, 2018 ఆరంభమున, ఆ పాతచట్టమును మన పార్లమెంటు తొలగించెను. పరాయివాడు నాటకమునకు భయపడి చట్టము చేసెను, మనము భయపడలేదు, గౌరవింపలేదు, కేవలము మఱచితిమి. శత్రువు భయముకంటె బంధువు మఱపే కళకు ప్రాణాంతకము.

పొరుగువారిని చూతము. కేరళమున 1957లో ఎర్నాకుళమున బడిపిల్లల కళోత్సవము మొదలయ్యెను. బడి మొదలుకొని ఉపజిల్లా, జిల్లా, రాష్ట్రము వఱకు మెట్టు మెట్టుగా అది నడచుచున్నది. దాని లోపములు మాకు తెలియును: పోటీ తీవ్రమై, వ్యయము పెరిగి, సొంత శిక్షకుని పెట్టుకొనగల ధనికులదే పైచేయి యగుచున్న దని అచ్చటి వారే విమర్శించుచున్నారు. కాని విమర్శించుటకైన వారికి ఉత్సవ మొకటి కలదు. మన బడికి ఆ భాగ్యమును లేదు.

కావున మేము కోరున దేమి? ఆకాశపుష్పములను కోరుట లేదు. మొదటిది: విద్యాహక్కు చట్టము చెప్పిన కళాబోధకుని ప్రతి అర్హమైన బడిలోను నియమింపుడు, చిత్రకళ ఒక బడికి, సంగీతము ఒక బడికి, నాటకము ఒక బడికి దొరకునట్లు పంచుడు, సమీపమున నున్న బడులు బోధకులను మార్చుకొనుట కష్టము గాదు. పండ్రెండు నెలల జీత మిండు. రెండవది: వారమునకు రెండు గంటలు సమయపట్టికలో వ్రాసి, పరీక్షల నెపమున వానిని కాజేయకుడు. మూడవది: పట్టా లేదను నెపమున పాతతరము కళాకారులను గడప బయట నిలుపకుడు. నలువదేండ్లు హార్మోనియము వాయించినవాడు, ఊయలనాడే రంగస్థల మెక్కిన సురభి నటి, హరికథకుడు, బుఱ్ఱకథకుడు - వీరికంటె యోగ్యు లెవరు? వీరి కంఠములలో నున్న పద్యపు బాణీలు ఏ పుస్తకమునను లేవు. వారిలో పెక్కండ్రు వృద్ధులు. పదేండ్ల పిమ్మట ఉత్తరువులు వెలువడిన నేర్పువా రుండరు. నాలుగవది: ప్రజల ధనముతో కట్టిన కళాక్షేత్రములను, పురమందిరములను వారమున కొక్క సాయంకాలము పిల్లలకు ఉచితముగా విడువుడు. వివాహములకును రాజకీయసభలకును తెఱచుకొను తలుపు పిల్లల నాటకమునకేల మూయవలయును?

ప్రభుత్వమును నిందించి కూర్చుండుటతో మన విధి తీఱదు. ఉత్సవములకు, శాలువలకు, విందులకు వెచ్చించు ధనములో పదవవంతు చాలును, ఊరికొక హార్మోనియము, ఒక శ్రుతిపెట్టె, ఒక మృదంగము కొనుటకు. రామమందిరపు అరుగు చాలును, ఆదివారమున ఇరువదిమంది పిల్లలు సరళీవరుసలు పాడుటకు. మన కళాసమితులు ప్రతి సత్కారసభకు బదులు ఒక నెల శిక్షణ నేర్పాటు చేయునని ప్రతిన బూనుగాక. సత్కరింపబడు వృద్ధనటునికి శాలువకంటె శిష్యుడే ప్రియుడు. ఈ మాట ఆయననే యడిగి తెలిసికొండు.

వచ్చు ఏప్రిల్ 16వ తేదీ నాటికి మే మొక్క దృశ్యమును కోరుచున్నాము. వీరేశలింగముగారి విగ్రహము నొద్ద ఉపన్యాసకులు కొంచెము తొలగి నిలుతురు గాక. ప్రభుత్వపు బడిలోని పిల్లలు ముందునకు వచ్చి, యంత్రము లేక, ముద్రిత గీతము లేక, తమ గొంతుతో ఒక పద్యము పాడుదురు గాక. చిన్న ప్రహసన మొకటి ఆడి పెద్దల కపటములను ఎత్తి చూపుదురు గాక. 1880లో రాజమహేంద్రవరమున జరిగిన దదియే. ఆ మహాపురుషునికి అంతకుమించిన మాల లేదు. ఏ ఊర ఆ దినమున పిల్లలు పాడరో, ఆ ఊరి పెద్దలు మాలలు తేక యింటనే యుండుట మర్యాద.